యూదుల విశ్రాంతి దినం, మా మామ మిరపచేను

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, శావల్యాపురం దగ్గర మా మేనమామ మిరపచేలో క్రైస్తవ కూలీలు ఆదివారం కోతకు రామన్నారు. రాకపోతే సోమవారం నుంచి పనే లేదన్నాడు మామ. వాళ్లు కదల్లేదు. నేను నాస్తికుణ్ణి, సభల్లో దేవుళ్ల మీద వాదించేవాణ్ణి. అందుకని నన్ను పిలిపించాడు.

"ఒరేయ్, ఆ విశ్రాంతి దినం దేవుడు యూదులతో చేసుకున్న నిబంధనంట. వీళ్లు యూదులా? పైగా వాళ్లది శనివారమంట. ఆ సంగతి చెప్పి ఒప్పించు."

వాదన గట్టిదే అనిపించింది. అయినా చదవకుండా వాదానికి దిగే అలవాటు నాకు లేదు. కూలీల పేటలోని బడిపంతులు దగ్గర బైబిలు తీసుకుని చూశాను. ఒక్క జాతిని ఏరుకున్న దేవుడి మీద నాకు గౌరవం కలగలేదు. కానీ ఆ నిబంధనలో ఆజ్ఞ యజమానికి కూడా ఉంది. నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసవే, కనుక నీ పనివాళ్లు కూడా నీలాగే ఆ రోజు విశ్రమించాలని.

కూలీల ముందే మామకు అది చదివి వినిపించాను.

"ఏందిరా, నిన్ను పిలిచింది నా తరఫున కదా?"

"దేవుడు లేడు మామా. ఈ షరతు రాసినవాడు మాత్రం వెట్టిచాకిరి ఎరిగినవాడు. దాన్ని నేను కొట్టెయ్యలేను."

కూలీల్లో ఒక పెద్దావిడ, "ఆ మొదటి మాట ఒక్కటీ మానేస్తే చానా బాగుండు అబ్బాయా," అంది. అందరూ నవ్వారు, మామ తప్ప.

ఆదివారం కోత ఆగింది. సోమవారం వాళ్లు వస్తే మామ పొమ్మనలేదు. నాతో మాత్రం కోతలు అయ్యేదాకా మాట్లాడలేదు.