వెనక గది గోడ

ఎనభైల్లో మావారికి మణుగూరులో బొగ్గు గని గుమాస్తా ఉద్యోగం. క్వార్టర్ ఇంకా రాలేదని బస్తీలో ఒక కింది వాటా కిరాయికి తీసుకున్నాం. మా చంటిపాపను చూసుకోవడానికి మా అత్తమ్మ ఎర్రుపాలెం దగ్గరి పల్లె నుంచి మాతో వచ్చింది. ఎండలో, పొలంలో బతికిన మనిషి.

మొదటి వానాకాలంలోనే ఆమెకు దగ్గు పట్టుకుంది. నెల దాటినా తగ్గలేదు. ఒకనాడు పక్కింటావిడ గుమ్మం దగ్గరే నిలబడి, "టీబీ గిట్ట ఉన్నదేమో చూపియ్యి. చంటిపిల్ల ఉన్న ఇల్లు గదా" అన్నది. లోపల కూరగాయలు తరుగుతున్న అత్తమ్మ ఆ మాట విన్నది.

ఆ సాయంత్రమే తన మంచం తానే వెనక గదిలోకి ఈడ్చుకుంది. వద్దని నేను మంచం పట్టుకుంటే, "పాపకు అంటుకుంటే ఏం చేస్తమే? నా కంచం, చెంబు గూడ వేరే పెట్టు" అన్నది.

ఆ గది వంటింటి వెనక ఉంది. ఒకటే చిన్న కిటికీ, దాని అవతల ప్రహరీ. పైన ఇల్లుగలవాళ్ళ స్నానాల గది. బొగ్గుల పొయ్యి రాజేస్తే పొగ ముందు అటే పోయేది. మంచం పక్క గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. మొదట బూడిదరంగు మచ్చలు వచ్చాయి, తర్వాత నల్లటి బూజు. తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన. నేను గుడ్డతో తుడిచేదాన్ని, వారం తిరక్కముందే మళ్ళీ వచ్చేది. చలిగాలికి దగ్గు ఎక్కువవుతుందని కిటికీ మూసే ఉంచేవాళ్ళం. ఆమె పెట్టెలోని చీరలకు కూడా బూజు పట్టింది.

ఇంటి ఓనరమ్మకు చెప్పాను. "వానాకాలం ఏ గోడైనా గట్లనే ఉంటది. దసరాకు సున్నం ఏపిస్త తియ్" అన్నది. వేయించింది కూడా. దీపావళి రాకముందే తెలుపు కింద నుంచి నలుపు తేలింది.

అత్తమ్మకు పడుకుంటే ఊపిరాడేది కాదు. దిండ్లకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. కొత్తగూడెం తీసుకుపోయి డాక్టరుకు చూపించాం. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ లేదన్నారు. మళ్ళీ పరీక్ష చేసినా అదే మాట. అప్పుడు డాక్టరు, "ఈమె ఎక్కడ పడుకుంటది?" అని అడిగారు. గది సంగతంతా చెప్పాను.

"గోడకు ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టూ గట్టిగ అంటించి రెండ్రోజులాగి చూడుండ్రి. కవరుకు గోడ వైపు నీళ్ళు పడితే చెమ్మ లోపల్నుంచి వస్తున్నట్టు. అట్లయితే ఎన్నిసార్లు సున్నమేసినా బూజు పోదు. ఆ గాలి, ఆ పొగ పీల్చబట్టే ఈమెకు ఇంత ఆయాసం. ముందు ఆ గదిల నుంచి బయటికి తీసుకురండి."

మావారు కవరు అంటించారు. గోడ వైపంతా నీటి బొట్లు. వెంటనే మంచం ముందు గదిలోకి తెచ్చాం. కిటికీలు తెరిచాం. పొయ్యి పెరట్లోకి మార్చాం. వేసవిలో ఆమె కొంత తేరుకుంది, కానీ పాపను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

"టీబీ లేదన్నరు గదా అత్తమ్మా, ఎత్తుకోరాదూ?"

"వాళ్ళకు దొరకలేదేమో. నా మీద నాకే నమ్మకం లేదు."

పాప చేతులు చాపితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి పోయేది.

మరుసటి వానలకు జలుబు చేసింది, మళ్ళీ ఆయాసం. మావారు జీపు మాట్లాడి తెచ్చేలోపే, పొద్దున పూట, నా చేతుల్లోనే పోయింది.

దినాలయ్యాక మావారు గడ్డపార తీసుకుని ఆ గోడ సిమెంటు పూత కొట్టేశారు. ఓనరమ్మ అరుస్తూ దిగి వచ్చింది. లోపల, స్నానాల గది నుంచి దిగే పైపు అతుకు దగ్గర పగిలి ఉంది. ఇటుకలు ముద్దగా నానిపోయాయి. ఆమె ఆ పైపు చూసి పైకి వెళ్ళిపోయింది. మర్నాడు మేస్త్రీని పిలిపించింది.

క్వార్టర్ వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. వెనక గదిలో కట్టెలు, బొగ్గులు వేసుకున్నాం. మావారు అప్పుడప్పుడు అందులోకి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించి చూసేవారు. ఆరిందా అని నేనెప్పుడూ అడగలేదు.