ఆర్లిస్ పొయ్యి వెనక అట్టపెట్టె

మా నార్‌బీ ఊళ్ళో ఏప్రిల్ వచ్చిందని చెట్లు చెప్పవు, ఎండా చెప్పదు. పోస్టాఫీసు చెబుతుంది. తలుపు తీయగానే బల్ల వెనక నుంచి కియ్ కియ్‌మని ఒకటే గోల! చిల్లులు పెట్టిన అట్టపెట్టెల్లో, ఎక్కడో మూడు నాలుగు రాష్ట్రాల అవతల నిన్నో మొన్నో గుడ్డు పగలగొట్టుకుని, టపాలో వచ్చిన కోడిపిల్లలు. పోస్టాఫీసు నడిపే లవాన్ తెల్లవారకముందే ఇళ్ళకి ఫోన్లు కొడుతుంది. "మీ సంతానం ఏడుస్తోంది, వచ్చి ఎత్తుకుపోండి. నా తల పగిలిపోతోంది."

ఆ ఫోను ఏటా ముందుగా మోగేది ఆర్లిస్ ఇంట్లో.

ఆర్లిస్ మా బళ్ళో వంట చేసేది. నేను అక్షరాలు నేర్పానేమో గానీ, పిల్లలు ముసలివాళ్ళయినా మరిచిపోని పాఠం మాత్రం ఆర్లిస్ చెప్పిందే. గరిటె పట్టుకుని వరస మొదట్లో నిలబడేది. "చేతులు చూపించు. ఇటు. ఇప్పుడు అటు." గోళ్ళలో నలుపు కనిపించిందా, మళ్ళీ కుళాయి దగ్గరికి పోవాల్సిందే. ఓసారి హెడ్మాస్టరుగారు సుద్దపొడి చేతులతో వస్తే ఆయన్నీ వెనక్కి పంపింది. "మీకు వేరే రూలు లేదు సార్. కుళాయి అక్కడుంది." నేను నవ్వలేక చచ్చాను. ఆర్లిస్ మాత్రం నవ్వలేదు. ఆమె నవ్వు ఎప్పుడూ ఓ పూట ఆలస్యంగా వచ్చేది.

మొగుడు ఎల్డన్ పూర్తిగా తిరగేసిన మనిషి. ఈమె ఒక మాట అంటే అతను నలభై. "మా అమ్మ నన్నూ కోడిపిల్లల్నీ ఒకే పొయ్యి వెనక పెంచింది టీచరమ్మా, అందుకే నా నోరు ఇలా ఆగదు" అనేవాడు. పెట్టె ఇంటికి రాగానే వంటింట్లో పొయ్యి వెనక పెట్టి, పైన వెచ్చదనానికి దీపం వేలాడదీసి, నేల మీద చతికిలబడేవాడు. ప్రయాణంలో వాడిపోయిన పిల్ల ఉంటే అరచేతిలోకి తీసుకుని, దాని ముక్కు తన పెదాల మధ్య పెట్టుకుని, వెచ్చగా ఊపిరి వదిలేవాడు. వాళ్ళమ్మ నేర్పిన విద్య. సగం చచ్చినది కూడా కాసేపటికి కాళ్ళు తన్నుకునేది. అది చూడ్డానికే నేను ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేదాన్ని.

అలాంటి ఎల్డన్‌కి రక్తంలో క్యాన్సర్ వచ్చింది. పట్నంలో మందు ఎక్కించడం మొదలుపెట్టిన రోజే నర్సు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "పచ్చిగుడ్డు వద్దు, తోటలో మట్టి వద్దు, కోళ్ళ జోలికి అసలే పోవద్దు. ఈ మందుతో మీ ఒంట్లో కాపలా వాళ్ళందరూ పడిపోతారు. మామూలు మనిషికి నాలుగు రోజుల విరేచనాలతో పోయేది మీకు ప్రాణం మీదికి వస్తుంది."

ఆర్లిస్ ఆ సాయంత్రమే కోళ్ళన్నీ పంచేసింది. మూడు మా కొట్టంలోకి వచ్చాయి. గూటికి సున్నం కొట్టి తాళం వేసింది.

చలికాలం గడిచేకొద్దీ ఎల్డన్ మాటలు తగ్గిపోయాయి. ముందు నలభై కాస్తా పది అయ్యాయి, తర్వాత అవీ లేవు. పళ్ళెంలో బంగాళాదుంపలు చల్లారిపోయేవి. మార్చిలో నేను వెళ్ళిన రోజు కుర్చీలో కూర్చుని పొయ్యి వెనక ఖాళీ జాగా వైపే చూస్తున్నాడు.

"అక్కడేం ఉందని చూస్తున్నావు?" అంది ఆర్లిస్.

"ఏం లేదు. అదే చూస్తున్నా."

ఆ తర్వాతి ఆదివారం, చర్చి కింది గదిలో కాఫీ తాగుతుంటే ఆర్లిస్ బయటపెట్టింది, కోడిపిల్లల కోసం ఆర్డరు రాసేసిందట.

"నర్సు వద్దంది కదే!" అన్నాను.

"కోళ్ళు వద్దంది. నిన్న గుడ్డులోంచి ఊడిపడ్డదానికి మురికి ఎక్కణ్ణుంచి వస్తుంది? పెంట తొక్కిందా, పురుగు తిందా? ఆరు చాలన్నాను, ఆ అమ్మేవాళ్ళు పదిహేనుకి తక్కువ పంపరట. పెట్టెలో ఒకదాని ఒళ్ళు ఇంకోదానికి వెచ్చన కావాలిగా. అయినా నేను రూలు పెట్టాను. ఎల్డన్ కుర్చీలో కూర్చుని చూస్తాడు. ముట్టుకునేది నేను."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. అందరం కోళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే. ముసలి కోడి అంటే ముక్కు మూసుకుంటాం గానీ, పిల్ల అంటే మాకు అప్పుడే విచ్చిన పువ్వు. దాన్ని చూసి భయపడే మనిషి మా జిల్లాలోనే లేడు.

మంగళవారం రావాల్సిన పెట్టె రాలేదు. ఆ రోజే మంచుతుఫాను. టపా లారీ పెద్ద రోడ్డు మీద ఇరుక్కుంది. పుట్టిన పిల్ల పొట్టలో పచ్చసొన కాస్త మిగిలి ఉంటుంది, దాని మీద మూడు రోజులు బతుకుతుంది. అంతకు మించితే లేదు. గురువారం పొద్దున లవాన్ ఫోను చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"ఆర్లిస్, రా. పెద్దగా గోలేం లేదు."

నేను స్టాంపుల కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. పెట్టె బల్ల మీదే విప్పాలి, చచ్చినవి ఎన్నో లవాన్ చూసి సంతకం చేయాలి. మూత తీయగానే ముగ్గురం ఓ అడుగు వెనక్కి వేశాం. సగానికి పైగా చదునుగా పడి ఉన్నాయి. బతికినవి వాటి మీదే నిలబడి తూలుతున్నాయి.

ఎల్డన్ బండిలోనే కూర్చోవాలని కదా ఒప్పందం. మా మొహాలు అద్దంలోంచి కనిపించాయేమో, మాస్కు పెట్టుకుని లోపలికి వచ్చేశాడు.

"ముట్టుకోకు!" అరిచింది ఆర్లిస్.

"ఇవి చస్తుంటే చూస్తూ నిలబడమంటావా?"

"నువ్వు చస్తావు!"

"నేనెలాగూ ఆ పనిలోనే ఉన్నాగా."

చొక్కా బొత్తాలు విప్పి నాలుగింటిని గుండెకి ఆనించుకున్నాడు. ఇంకోదాన్ని, మెడ వాలిపోయిన గోధుమరంగుదాన్ని, అరచేతిలోకి తీసుకున్నాడు. మాస్కు కిందికి లాగాడు. ముక్కు పెదాల మధ్య పెట్టుకున్నాడు. లవాన్ పంచదార నీళ్ళు తేవడానికి పరిగెత్తింది. నేను ఆ పిల్లనే చూస్తున్నాను. ఆర్లిస్ కూడా దాన్నే చూస్తోంది. అది కాలు విదిల్చింది. అంతే, ఎల్డన్ కళ్ళు పాత ఎల్డన్ కళ్ళయ్యాయి!

ఇంటికి వెళ్ళగానే ఆర్లిస్ అతని చేతులు మోచేతుల దాకా కడిగించింది. "ఇటు. ఇప్పుడు అటు." చొక్కా ఉడుకునీళ్ళలో పడేసింది. ఆ పూట ఎల్డన్ రెండోసారి వడ్డించమని అడిగాడు. ఆర్లిస్ నాకు ఫోను చేసి ఆ ఒక్క ముక్కే చెప్పింది. "రెండోసారి అడిగాడు." ఫోను పెట్టేసింది.

వారం పైనే బాగా గడిచింది. గోధుమరంగుది తల ఎత్తుకుని గంభీరంగా నడుస్తోందని దానికి చర్చి పెద్దగారిలా బిషప్ అని పేరు పెట్టాడు. "అందరికీ దీవెనలు పంచుతోంది చూడు, ముఖ్యంగా నీళ్ళ గిన్నెలో" అని నన్ను నవ్వించాడు. ముట్టుకోవద్దన్న రూలు ఎప్పుడో జారిపోయింది గానీ, ముట్టుకున్న ప్రతిసారీ ఆర్లిస్‌కి చేతులు చూపించేవాడు.

తర్వాత జ్వరం వచ్చింది. మందు వల్లే అనుకున్నారు. రెండో రోజుకి నిలబడలేకపోయాడు. పట్నం ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"ఇంట్లో కోళ్ళున్నాయా?"

"లేవు డాక్టర్, అన్నీ పంచేశాం" అన్నాడు ఎల్డన్. ఊపిరి ఆడకపోయినా ఆ అబద్ధం మాత్రం గట్టిగా ఆడాడు. తన వైపు చూడకుండా ఆడాడని ఆర్లిస్ నాతో అంది.

"ఉన్నాయి. పిల్లలు. వంటింట్లో" అంది ఆర్లిస్.

"ముట్టుకున్నారా?"

"చేతులు కడిగించాను. ప్రతిసారీ కడిగించాను."

"నోటి దగ్గర పెట్టుకున్నారా?"

చేతులకి అంత కాపలా కాసిన మనిషి నోటిని మరిచిపోయింది. పిల్ల చలాకీగానే ఉంటుందట, పొట్టలో, ఈకల్లో క్రిమి మోస్తూనే తిరుగుతుందట. గుడ్డులో ఉండగానే పట్టుకోవచ్చట, ఒకే పెట్టెలో వస్తే ఒకదాని నుంచి అన్నిటికీ అంటుకోవచ్చట. డాక్టరు మెల్లగానే చెప్పాడు. అప్పటికే అది ఎల్డన్ రక్తంలోకి ఎక్కేసింది. లైలాక్ పూలపొద మొగ్గ తొడిగిన వారంలో పోయాడు.

అంత్యక్రియలయ్యాక ఎల్డన్ తమ్ముడు వంటింట్లో నిలబడి, "వదినా, నువ్వు బయటికి వెళ్ళు. వీటి మెడలు నేను తిప్పేస్తాను" అన్నాడు.

"వాటికేం తెలుసు? పెట్టు ఆ పెట్టె కింద."

పిల్లల్ని గూట్లోకి మార్చింది. అక్కడికని వేరే బూట్లు, వేరే చేతితొడుగులు పెట్టుకుంది, వాటితో ఇంటి గడప తొక్కలేదు. వేసవంతా మేత వేసింది. ఒక్కదానితోనూ మాట్లాడగా నేను చూడలేదు. బిషప్ పుంజయ్యాడు, మహా పొగరుబోతు పుంజు, నా పిక్క కూడా పొడిచాడు. అక్టోబరులో మా ఊళ్ళో పుంజుల్ని కోసే రోజు ఎవర్నీ సాయం పిలవకుండా బిషప్‌ని తానే కోసింది.

ఆ రాత్రి భోజనానికి నన్ను రమ్మంది. పిండి ఉండలు వేసిన కోడిపులుసు. నేను గరిటె వైపు చూస్తూ ఉండిపోయాను.

"బాగా ఉడికింది, ఏమీ కాదు. తిను."

"ఆర్లిస్, నువ్వు చేసిందంతా అతని కోసమే..."

"పాఠం చెప్పకు టీచరమ్మా. చల్లారిపోతుంది."

తిన్నాం. ఆమె తన పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్చలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బు రుద్దింది. నురగ పోయింది, మళ్ళీ రుద్దింది. నేను గిన్నెలు సర్దేశాను, బల్ల తుడిచేశాను, ఇంకా నీళ్ళ చప్పుడు ఆగలేదు.

ఆఖరికి ఇటు తిరిగింది. ఎర్రగా కందిపోయిన రెండు చేతులూ చాపి నా ముందు పెట్టింది, బళ్ళో వరసలో నిలబడ్డ పిల్లలా.

"చూడు" అంది. ఇటు చూపించింది. తర్వాత అటు.