కొంత అసౌకర్యం

అమ్మ పోయాక అతన్ని పెంచింది పిన్నే. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల ముందు పంతొమ్మిదేళ్లు నిలబడి అతన్ని చదివించింది. అతను యూనివర్సిటీలో చేరి, పరిశోధనకు అంశం దొరక్క దిగాలుగా తిరుగుతుంటే, ఆమే దారి చూపింది.

"మా దగ్గరికి రారా. మా కాళ్ల గురించి రాయి."

తోటి ఆడవాళ్లను నూట ఇరవై మందిని బతిమాలి, భోజన విరామంలో ఒక్కొక్కరినీ అతని ముందు కూర్చోబెట్టింది.

నాలుగేళ్లకు తేలింది ఇది: "ఎక్కువసేపు నిలబడి పనిచేసేవారిలో కాళ్ల నొప్పులు ఎక్కువగా కనిపించాయి." దాని కింద అతను, సాయంత్రానికి వాళ్ల పాదాలు వాచి చెప్పులు పట్టవనీ, కొందరు మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టే దిగుతారనీ రాశాడు. గైడు ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, "కొంత అసౌకర్యం" అని దిద్దాడు. సంతకం పెట్టాల్సింది ఆయనే. అతను అలాగే అచ్చు వేయించి ఇచ్చాడు.

మౌఖిక పరీక్ష రోజున పిన్ని సెలవు పెట్టి వచ్చి వెనక వరసలో కూర్చుంది. పరీక్షకుడు ఆ ఫలితాన్ని పైకి చదివి, "ఇది కనిపెట్టడానికి నాలుగేళ్లు పట్టిందా?" అన్నాడు. హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వి ఊరుకోక, "మా పిన్నినడిగితే ఒక్క నిమిషంలో చెప్పేసేది సార్," అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. అన్నాక గుర్తొచ్చింది, ఆమె అక్కడే ఉందని. వెనక్కి తిరిగి చూడలేకపోయాడు.

బయట వరండాలో పిన్ని మామూలుగానే ఉంది.

"నేను చెబితే ఎవరు వింటార్రా? అచ్చులో ఉంటే ఆ విలువే వేరు. ఆ పేజీ ఒకటి నాకివ్వు. మేనేజరుకి చూపించి, బల్లకో స్టూలు వేయమని అడుగుతాం."

ఇచ్చాడు. కింద ఏముందో తెలిసే ఇచ్చాడు.

వారం తర్వాత ఆమె ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి తెచ్చింది.

"మర్యాదగానే మాట్లాడాడురా. కిందిదాకా చదివి, 'కొంత అసౌకర్యం అనే కదమ్మా ఉంది, కొంతైతే సర్దుకోవాలి' అన్నాడు. కొంత అంటే ఎంత్రా?"

ఆమె దెప్పడానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.

"అది నా మాట కాదు పిన్నీ. మా గైడు దిద్దాడు."

"పైన నీ పేరే ఉందిగా?"

మర్నాడు అతను, కొట్టేసిన వాక్యాలతో ఉత్తరం రాసుకుని, ఆ పేజీతో సహా స్వయంగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీటిలో ఏది నమ్మమంటారు? రెండూ మీరే రాశారు కదా," అన్నాడు. అతను రెండు కాగితాలూ తీసుకుని లేచి వచ్చేశాడు.

స్టూళ్లు రాలేదు. మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాక పిన్ని పని మానేసి అతని ఇంట్లోనే ఉంటోంది. ఇంటికి ఎవరొచ్చినా, "మావాడు మా కాళ్ల మీద డాక్టరయ్యాడు," అని మురిసిపోతూ చెబుతుంది. ఆ మాట వినిపించగానే అతను మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి, వాళ్లు వేరే సంగతుల్లో పడేదాకా బయటికి రాడు.