పిన్ని చేతి పిడి

మా పిన్ని బస్సు డ్రైవరు. సెలవు రోజుల్లో పిస్తోలుతో గురి చూసి కాల్చే పోటీలకు సాధన చేస్తుంది. ఆ పిస్తోలు బాగోగులన్నీ వడ్రంగి అయిన మా బాబాయివే. గురి ఎప్పుడూ ఎడమకే పోతోందని ఆయన తూటాల రకం మార్చాడు, ట్రిగ్గర్ స్ప్రింగు సడలించాడు, చెక్క పిడిని మళ్లీ మళ్లీ చెక్కాడు. అయినా ఎడమకే!

పిన్నికి ఒళ్లు మండింది. "చెక్కినప్పుడల్లా ఎవరి చేత్తో పట్టుకుని చూశారండీ?"

"నా చేత్తోనే."

"మరి కాల్చేది మీరా?"

బాబాయి నాలుక కరుచుకున్నాడు. పిడికి మెత్తటి లప్పం పూసి, ఆమె చేత గట్టిగా పట్టించాడు. వేళ్ల అచ్చులు పడ్డాయి. లప్పం ఆరాక పిన్ని కాల్చిన మొదటి తూటా గురి అట్ట మీది నల్లటి వలయం నడిమధ్యన దిగింది.

బాబాయి పిస్తోలు అందుకుని పట్టి చూశాడు.

"నా చేతిలో అస్సలు ఇమడట్లేదే!" అన్నాడు, మొహం చాటంత చేసుకుని.