అత్తగారు కూర్చుంటేనే కదిలే కారు

కళ్ళద్దాల షాపాయనకు అత్తగారంటే భయం లేదు కానీ, ఆవిడ నోరంటే హడలు. నలుగురూ ఉన్నప్పుడే, "ఊరందరికీ అద్దాలమ్ముతావు, నీ కారు అద్దం తుడవ్వేం నాయనా?" అని అడిగేసే రకం. అందుకే ఆవిడ కూతురింటికి నెల్లాళ్ళుండడానికి వచ్చినప్పటి నుంచి ఆయన షాపు గంట ముందే తెరిచేవాడు.

రెండో వారంలో పాత కారు మొరాయించింది. తాళం తిప్పితే ఇంజను గురగురమంటుంది, అందుకోదు. బ్యాటరీ బాగానే ఉంది, ట్యాంకులో పెట్రోలూ ఉంది. సందులో ఉన్నవాళ్ళంతా కిటికీల్లోంచి తలో సలహా పడేశారు.

అత్తగారు ఆ రోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "ఇంకా ఎంతసేపు?" అంటూ వెనక సీట్లో ధబ్బున కూలబడింది. భారీ మనిషి. సరిగ్గా అప్పుడే ఇంజను అందుకుంది.

ఏదో అలా జరిగిందిలే అనుకున్నాడాయన. మర్నాడూ అదే తంతు. పాత పుస్తకాల మూట తెచ్చి వెనక సీటు మీద పెట్టాడు. కారు పలకలేదు. భార్యను కూర్చోబెట్టాడు. అప్పుడూ పలకలేదు. "అయితే నేను సన్నబడ్డానన్నమాట!" అని ఆవిడ మురిసిపోయింది.

చివరికి ఆయన లోపలికి వెళ్ళాడు.

"అత్తయ్యా, ఒక్కసారి కార్లో కూర్చుంటారా?"

"ఎక్కడికి వెళ్తున్నాం?"

"ఎక్కడికీ లేదండీ. కూర్చుంటే చాలు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, వచ్చి ధబ్బున కూర్చుంది. కారు స్టార్టయింది. మరి సాయంత్రం షాపు దగ్గర కారు కదలాలంటే ఎవరు కూర్చుంటారు? దాంతో ఆవిడ షాపుకీ ప్రయాణమైంది.

షాపులో ఆవిడ ఊరికే ఉంటుందా? వచ్చిన మొదటి అమ్మాయినే, "అది వద్దమ్మా, గుడ్లగూబలా ఉన్నావు" అనేసింది. అల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని పకపకా నవ్వి, ఆవిడ చూపించిన ఫ్రేమే తీసుకుంది. నాలుగు రోజులయ్యేసరికి జనం లోపలికి వస్తూనే, "పెద్దావిడ ఉన్నారా?" అని అడగసాగారు.

ఆ ఆదివారం మెకానిక్ వచ్చి వెనక సీటు ఎత్తి చూశాడు. "పెట్రోలు పంపు ఈ సీటు కిందే ఉంటుంది సార్. దాని మోటారు ఇరుక్కుపోతోంది. గట్టిగా అదిరితేనే కదులుతోంది." అత్తగారి వైపు భక్తిగా చూసి, "పెద్దమ్మగారు బాగానే అదరగొట్టారు" అన్నాడు. కొత్త పంపు వేశాడు.

సోమవారం పొద్దున ఆవిడ తయారై వచ్చేసరికే కారు ఇంజను చక్కగా ఆడుతోంది. ఆవిడ మొహం చిన్నబోయింది. "ఇంకేం, నాతో పని తీరిపోయింది" అంటూ వెనక్కి తిరిగింది.

అల్లుడు గబగబా దిగాడు. "అలా అంటే ఎలా అత్తయ్యా? పదింటికి ఒకాయన వస్తున్నాడు. మీరు చూసి చెబితే గానీ ఫ్రేము కొననంటున్నాడు."

ఆవిడ ఒక్క క్షణం బెట్టు చేసింది. తర్వాత ముందు తలుపు తీసుకుని దర్జాగా కూర్చుంది.

"పోనీ నాయనా. ఇంతకీ ఆయనది గుండ్రటి మొహమా, కోల మొహమా?"