సింహద్వారానికి నేను చెప్పిన పూర్వపక్షం

ఆ వయసులో, లోకంలోని సమస్త దుఃఖానికీ మూలం సరిగా నిర్వచించని పదాలేనని నేను నిష్ఠగా నమ్మేదాన్ని. ఎవరైనా "అన్యాయం" అంటే "ఏ అర్థంలో?" అని అడిగేదాన్ని. "ఆకలేస్తోంది" అంటే మాత్రం అడిగేదాన్ని కాదు (నిష్ఠ అంతవరకు ఇంకా ముదరలేదు). విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ నేను నిజంగా చదివింది వాదించడమే. మా డిబేట్ జట్టును తీర్చిదిద్దిన అధ్యాపకుణ్ణి మేమంతా తర్కం మాస్టారు అని పిలుచుకునేవాళ్లం. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే: "ఎదుటివాడి వాదాన్ని ఎదుటివాడికంటే బాగా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హత లేదు. ముందు పూర్వపక్షం నిలబెట్టండి. మీ సిద్ధాంతం ఆ తరవాతే." ఆ సూత్రాన్ని ఆవకాయ జాడీతో సమానంగా భద్రపరచుకుని ఎమ్మెస్ చేయడానికి వర్జీనియాకు వచ్చాను. జాడీ ఆర్నెల్లలో ఖాళీ అయింది. సూత్రం మాత్రం మిగిలి, ఒక టేకు తలుపునూ, ఒక గృహప్రవేశాన్నీ ముంచబోయింది.

షాంటిలీలో ఒక తెలుగు దంపతుల టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ అద్దెకుండేవాళ్లం. అంకుల్ ఏదో ప్రభుత్వ కాంట్రాక్టులో డేటాబేసులు చూసే మనిషి. నన్ను "ప్లీడరమ్మా" అనేవారు. ఆంటీ గుంటూరు ఆవిడ. అమెరికా వచ్చిన నాటినుంచీ ఆవిడకు ఒకటే కొరత: ఏ ఇంట్లోనూ గడప లేదు. అపార్ట్‌మెంట్లలో తలుపు కింద అల్యూమినియం పట్టీ ఉండేది. శుక్రవారం వచ్చిందంటే ఆ పట్టీకే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. ఒక అపార్ట్‌మెంటు ఖాళీ చేసేటప్పుడు ఆఫీసువాళ్లు వచ్చి చూసి, పట్టీకి తుప్పు పట్టిందని రాసుకుపోయారట. "నా పసుపుని తుప్పన్నారు తల్లీ," అని ఆంటీ ఆ సంగతి ఎప్పుడు చెప్పినా, కాస్త నవ్వుతూనే, గొంతు మాత్రం తగ్గించి చెప్పేవారు.

చివరికి అక్కడికి నలభై నిమిషాల దూరంలో, ఒక చిన్న ఊళ్లో, నూరేళ్లు దాటిన చెక్క ఇల్లొకటి కొన్నారు. వీధంతా అలాంటి ఇళ్లే, అన్నిటికీ ముందు వసారాలు, వసారాల్లో ఉయ్యాల బల్లలు. ఆంటీ అడిగింది చెక్క గడప. అంకుల్ ఏ పనీ అడిగినంత మేరకు చేసి ఊరుకునే రకం కాదు. స్వదేశంలో ఒక వడ్రంగి చేత ద్వారబంధంతో సహా రెండు రెక్కల టేకు సింహద్వారం చేయించి, స్నేహితుల ఫర్నిచర్ వస్తున్న కంటైనర్‌లో సర్ది తెప్పించారు. ఒక్కో రెక్క మీద ఒక్కో సింహం. వడ్రంగి సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు కాబట్టి వాటి ముఖాల్లో మీసాలు తీర్చిన పెద్దమనుషుల పోలికే ఎక్కువగా ఉండేది. గరాజ్‌లో, గడ్డి కోసే మెషిన్ పక్కన, ఆ రెండూ గోడకానుకుని ఎవరో కుర్చీ వేస్తారని ఎదురుచూస్తున్నట్టుండేవి.

తలుపు వచ్చాకే అసలు విషయం తెలిసింది. ఆ వీధి చారిత్రక ప్రాంతం. ఇంటి బయటి రూపు మార్చాలంటే ఊరి సమీక్షా బోర్డు ముందు హాజరై అనుమతి తెచ్చుకోవాలి.

"నా ఇంటికి నేను తలుపు పెట్టుకోవడానికి ఊరంతా కూర్చుని ఓటెయ్యడం ఏంటండీ?" అని అంకుల్ ఫోన్ పెట్టేసి ఆంటీని అడిగారు. ప్రపంచంలో ఏ అన్యాయం జరిగినా ఆయన ఆంటీనే జవాబడిగేవారు.

"లోపల మీ ఇష్టమట, ముందు తలుపు మాత్రం వీధిదట," అన్నారు ఆంటీ, తాను విన్నంత మేరకు. "ముహూర్తం మాత్రం మనదే. అది దాటితే మూఢం."

ఇక్కడే చిక్కంతా ఉంది. మూఢం వస్తే మళ్లీ ముహూర్తాలు లేవు. టౌన్‌హౌస్ అప్పటికే అమ్మేశారు, నెలాఖరుకు ఖాళీ చేసి తీరాలి. గడప లేకుండా పాలు పొంగించేది లేదని ఆంటీ తేల్చి చెప్పారు. కొత్త ఇంటి మేడ మీది గది మాకిస్తామన్నారు గనుక, బోర్డు కాదంటే ఆంటీ అంకుల్‌లతో పాటు మేమూ, సింహాలూ కలిపి రోడ్డున పడతాం. అంకుల్ నా వైపు తిరిగి, "ప్లీడరమ్మా, ఇన్నాళ్లూ మా కాఫీ తాగుతూ నేర్చుకున్నదంతా ఇప్పుడు చూపించాలి," అన్నారు. నేను చూపిస్తానన్నాను. జీవితమంతా అలాంటి పిలుపు కోసమే ఎదురుచూసినదాన్ని.

బోర్డు ముందు ఎవరైనా మాట్లాడవచ్చు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నేను బేస్‌మెంట్‌లో బట్టలు ఆరేసే స్టాండును అధ్యక్షుడిగా భావించి రిహార్సల్ చేశాను. సంప్రదాయమంటే ఆగిపోయిన గడియారం కాదు అని మొదలుపెట్టి, కొత్తగా వచ్చినవాళ్లు పెట్టే తలుపులు కూడా రేపటి చరిత్రేనని ముగించేదాన్ని. రూమ్మేట్ మంచం మీద పడుకుని, మ్యాగీ తింటూ విన్నది.

"మంచిగనే ఉంది గానీ, నీకో మాట చెప్త," అంది. "నువ్వు గెల్వకపోయినా పర్వాలె. గమ్మున చదివి వచ్చి కూసో. మధ్యల ఎవరన్న ఏమన్న అంటే జవాబియ్యకు."

"జవాబివ్వకపోతే అది వాదం ఎలా అవుతుంది?"

"గిది తలుపు పిల్లా, వాదం కాదు. తలుపు పెట్టుకోవాలె, లోపలికి పోవాలె. గంతే."

ఆ సాయంత్రం టౌన్‌హాల్ గది సగం నిండింది. వేదిక మీద బోర్డు సభ్యులు, వాళ్ల ముందు మూడు నిమిషాలు లెక్కపెట్టే చిన్న పెట్టె, దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. పక్కన స్టాండు మీద మా సింహాల ఫోటో (గడ్డి మెషిన్ హ్యాండిల్ ఎడమ సింహం చెవి పక్క నుంచి తొంగిచూస్తూనే ఉంది). అంకుల్ తలుపు కొలతలూ, టేకు గుణగణాలూ వివరించి వచ్చి కూర్చున్నారు. ఎవరి ముఖంలోనూ విరోధం కనిపించలేదు. అప్పుడు, కొత్త ఇంటికి సరిగ్గా ఎదురింట్లో ఉండే పెద్దావిడ లేచారు. వసారా నిండా గులాబీలు పెంచేవారు గనుక మేము ఆవిడను గులాబీల బామ్మ అనేవాళ్లం. మైకు దగ్గరికి వెళ్లి, ఫోటో వైపు చాలాసేపు చూసి, "వాళ్లు మంచివాళ్లే. కానీ ఇది... టూ మచ్ డోర్," అని, ఇంకేదో చెప్పాలని ప్రయత్నించి, కుదరక, వెళ్లి కూర్చున్నారు.

అభ్యంతరమంటే అదీ. ఇంకెవరూ లేరు. నేను లేచి, రాసుకున్నది చదివేసి ఉంటే, ఈ జ్ఞాపకానికి ఇక్కడితో శుభం పలకవలసి వచ్చేది. కానీ నాలోని నాలుగేళ్ల విద్య తిరగబడింది. టూ మచ్ డోర్. ఇదేం వాదం? ఇంత నీరసమైన ఆక్షేపణను ఓడిస్తే అది గెలుపా? పడిపోయినదాన్ని తొక్కినట్టు కాదూ? మైకు ముందు నిలబడేసరికి తర్కం మాస్టారు గదిలో ఎక్కడో వెనక వరసలో కూర్చున్నట్టే అనిపించింది. కాగితం మడిచేశాను. రూమ్మేట్ కళ్లు మూసుకోవడం నాకు కనిపించింది.

"ముందుగా, ఇప్పుడు మాట్లాడిన పెద్దావిడ అభ్యంతరాన్ని దానికి తగిన బలంతో చెప్పనివ్వండి," అని మొదలుపెట్టాను. (అక్కడంతా ఇంగ్లీషే నడిచింది. నా గొప్పను తెలుగులో చెప్పుకుంటే తృప్తి ఎక్కువ గనుక ఇలా రాస్తున్నాను.) ఇల్లు కొన్నవాడికి లోపలి గదులు సొంతమవుతాయి గానీ, ఇంటి ముఖం దాన్ని రోజూ చూసేవాళ్లదీ అవుతుందన్నాను. ఎదురింటావిడ ఎన్నో ఏళ్లుగా పొద్దున్నే కర్టెన్ తీసి చూస్తున్నది ఒక సాదా పచ్చరంగు తలుపునని, నిన్న వచ్చిన మనం ఆ ఉదయాన్ని ఏ హక్కుతో మారుస్తామని అడిగాను. ఇవాళ మనం సింహాలు తెస్తే రేపొకరు రోమన్ స్తంభాలు తెస్తారు, ఎల్లుండి ఇంకొకరు ఇనప షట్టర్ దించుతారు, అందరి అభిరుచులూ ఉంటాయి గానీ వీధే ఉండదన్నాను. మా ఊళ్లలో పాత చెక్క వరండాలు కొట్టేసి అద్దాల షోరూములు కడుతుంటే గుండెలు బాదుకునే మేము, ఇక్కడికొచ్చి అదే పని ఎలా చేస్తామని గొంతు కాస్త వణికించి నిలదీశాను. గులాబీల బామ్మ నోరు కొద్దిగా తెరుచుకుని నా వైపే చూస్తున్నారు. తన మనసులో ఇంత ఉందని ఆవిడకూ అప్పుడే తెలిసినట్టుంది. అంతటి పూర్వపక్షం నేను ఏ పోటీలోనూ చెప్పలేదు. ఇక దాన్ని కూల్చడానికి గుండె నిండా ఊపిరి పీల్చుకుని, "అయితే," అన్నాను.

ఎర్ర దీపం వెలిగింది.

"థాంక్యూ," అన్నాడు అధ్యక్షుడు. "మన నిబంధనల ఉద్దేశాన్ని ఇంత స్పష్టంగా ఈ గదిలో ఎవరూ చెప్పగా నేను వినలేదు."

ఒక సభ్యురాలు చప్పట్లు కొట్టింది. నేను ఇంకొక్క నిమిషం కావాలన్నాను. అందరికీ ఒకే నియమం అన్నాడాయన. సమాన నియమాన్ని ఏ ముఖంతో కాదంటాను? అది న్యాయమేనని ఒప్పుకుని (అవును, ఒప్పుకున్నాను, మైకులోనే) వచ్చి కూర్చున్నాను.

అంకుల్ ముందుకు చూస్తూనే, పెదవులు కదలకుండా అడిగారు: "నువ్వు అద్దెకుండేది మా ఇంట్లోనా, ఆవిడింట్లోనా?"

"అయిపాయె," అంది రూమ్మేట్. "సామాన్లు సర్దుకుందాం పా."

దరఖాస్తుదారులు ఏమైనా జవాబిస్తారా అని అధ్యక్షుడు అడిగాడు. అంకుల్ లేచి, నన్ను చూపించి, "ఆ అమ్మాయి మా తరఫే," అన్నారు. ఆయన ఉద్దేశం ఫిర్యాదు చేయడమే. గది మాత్రం పగలబడి నవ్వింది. ఆ నవ్వు తగ్గకముందే ఆంటీ మైకు దగ్గరికి నడిచారు. పట్టుచీర మీద కోటు వేసుకుని ఉన్నారు. మైకు ఎత్తు సరిచేసుకోవడం చేతకాక, దాని పక్కనుంచే మాట్లాడారు. తలుపు కింద అడ్డచెక్క ఉంటుందని, దాన్ని తొక్కరని, దాటుతారని, శుక్రవారం దానికి పసుపు రాస్తే ఇంట్లోకి లక్ష్మి వస్తుందని, ఇన్నేళ్లూ అల్యూమినియం మీద రాసి రాసి విసుగొచ్చిందని, అంతా వంట చెప్పినంత సులువుగా చెప్పారు.

గులాబీల బామ్మ కూర్చున్న చోటునుంచే అడిగారు: "అంటే నీక్కావలసింది కింది చెక్కా? ఆ సింహాలు కాదా?"

"సింహాలు ఈయన సరదా," అన్నారు ఆంటీ.

"నీ కోసమే కదటే చేయించింది," అన్నారు అంకుల్, తెలుగులో, గదంతా వినేలా.

"నేనడిగింది గడప. మీరే ఊరేగింపుతో తెచ్చారు."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ, పెళ్లయిన ప్రతివారికీ అర్థమైనట్టే కనిపించింది. గులాబీల బామ్మ ముందుకు వంగి, ఆ ఇంట్లో ఒకప్పుడు తన స్నేహితురాలు ఉండేదని, ముందు తలుపు తీయగానే చిన్న గది, దాని వెనక ఇంకో వాకిలి ఉంటుందని, పియానో లోపలికి పట్టక ఆ వాకిలికున్న తలుపు పీకేశారని, అప్పటినుంచీ అది బోసిగానే ఉందని చెప్పారు. "మీ పెద్దమనుషుల్ని అక్కడ పెట్టుకోండి. నేను వచ్చినప్పుడు చూస్తాను. పొద్దున్నే కిటికీలోంచి మాత్రం వద్దు."

లోపలి వాకిలి తమ పరిధిలోకి రాదని అధ్యక్షుడు చెప్పాడు. అంకుల్ దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. బయటికి వస్తుంటే చప్పట్లు కొట్టిన సభ్యురాలు నన్ను ఆపి, బోర్డులో ఒక ఖాళీ ఉందని, నాలాంటివాళ్లు కావాలని అంది. గులాబీల బామ్మ అయితే నా చెయ్యి పట్టుకుని, వీధి చివర రాబోయే కారు వాష్ గురించి కూడా ఒకసారి ఇలాగే మాట్లాడి పెట్టమన్నారు. కారులో షాంటిలీ దాకా అంకుల్ నాతో మాట్లాడలేదు. చివరి మలుపు దగ్గర మాత్రం, జీపీఎస్ "రీకాలిక్యులేటింగ్" అంటే, "నువ్వన్నా మావైపు ఉండు తల్లీ," అన్నారు దానితో.

మూఢానికి ముందే ద్వారబంధం లోపలి వాకిట్లో నిలబడింది. ఆ ఊరి వడ్రంగి రెక్కల్ని అటూ ఇటూ కాస్త చెక్కవలసి వచ్చింది. కుడి సింహం మీసం ఒక కొస పోయింది. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ అంకుల్ నన్ను, "మా తలుపుకి వ్యతిరేకంగా మాట్లాడింది ఈ అమ్మాయే," అని గర్వంగా పరిచయం చేశారు. గులాబీల బామ్మ ఒక పువ్వు పట్టుకుని వచ్చి, పచ్చటి పసుపు గడప ముందు ఆగి, దాన్ని తాకకూడదని మోకాలిదాకా కాలెత్తి, రూమ్మేట్ భుజం పట్టుకుని దాటారు. ఆంటీ ఆ కాలినే చూస్తూ, పొంగుతున్న పాలను మరిచిపోయారు.

మొన్న, చాలా ఏళ్ల తరవాత, మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. బయట అదే సాదా పచ్చరంగు తలుపు. అది తీయగానే లోపల మీసాల సింహాలు. ఆంటీ కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్లకు తోచినట్టు అడిగారు: "ఇంతకీ ఆరోజు ఎర్ర లైటు పడకపోతే, 'అయితే' తరవాత ఏం చెప్పేదానివే తల్లీ?"

నేను గ్లాసు కింద పెట్టాను. వీధి ముఖం గురించీ, ఆవిడ ఉదయాల గురించీ, రోమన్ స్తంభాల గురించీ అన్న ప్రతి మాటా, గొంతు వణికించిన చోటుతో సహా, వరసగా గుర్తొచ్చింది. "అయితే" దాకా వచ్చాను. ఆ తరవాతిది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అంత గట్టిగా ఖండించబోయిన ఆ పిల్ల దగ్గర అసలు జవాబుండేదా అని మొదటిసారి అనుమానం వచ్చి, నవ్వొచ్చింది. ఆంటీ ఎదురుచూస్తూనే ఉన్నారు. అంకుల్ పేపర్లోంచి తలెత్తి గోడ గడియారం వైపు చూసి, "టైమైపోయింది ప్లీడరమ్మా, ఇక కాఫీ తాగు," అన్నారు.

తాగాను.