సాయిలు తాత టీ

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెబుతాను. నాకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది, కణం పొరలో ఉండే సోడియం పొటాషియం పంపు. ఆ పాఠం నాది కాదు. దొంగిలించాను.

అప్పట్లో చైతన్యపురిలో ఒక హాస్టల్‌లో ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు. నా గదిలోనే రూత్ ఉండేది, నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. నాకంటే ఏడాది చిన్నది, అక్కా అని పిలిచేది. మార్కులు నాకే ఎక్కువ. అయినా మెడికల్ ఎంట్రన్స్‌కి చదివే పిల్లలు డౌట్లు పట్టుకుని నా మంచం దాటి ఆమె మంచం దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్క ముక్కా చదవకుండా, వాళ్ళు ఎన్నిసార్లు నవ్వారో వింటూ కూర్చునేదాన్ని. నాకెందుకు రాదు అలా చెప్పడం? ఆమెకు మాత్రం ఎవరు నేర్పారు?

ఎల్‌బీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఒక్క పోస్టు ఖాళీ అయింది. ఇద్దరం డెమో క్లాసుకు వెళ్ళాలి. ఏ పాఠం చెప్పాలో వాళ్ళే చెప్పారు, ఆ పంపు గురించే. ముందురోజు సాయంత్రం రూత్ నన్ను కూర్చోబెట్టి తన పాఠం అప్పజెప్పింది.

ఆమె కణం మా హాస్టల్. పంపు మా వాచ్‌మన్ సాయిలు తాత. సోడియం అంటే చుట్టాలు. రోడ్డు నిండా వాళ్ళే, సందు దొరికితే లోపలికి దూరతారు. పొటాషియం అంటే హాస్టల్ పిల్లలు, సందు దొరికితే బయటికి జారుకుంటారు. తాత ముగ్గురు చుట్టాలను బయటికి నెట్టి, ఇద్దరు పిల్లలను లోపలికి లాగాలి. గుంపుకు ఎదురెళ్ళే పని కదా, ఊరికే కాదు. విడతకో టీ పడాలి. ఆ టీయే ఏటీపీ, కణానికి శక్తినిచ్చే ఇంధనం. టీ ఆగిందా, తాత కదలడు. కాసేపటికి లోపలేదో బయటేదో తెలియదు, కణం చచ్చిపోతుంది.

నేను ఎమ్మెస్సీ దాకా చదివి బట్టీపట్టింది ఆ రోజు మొదటిసారి అర్థమైంది. బాగుందని అనలేదు. "పర్లేదు" అన్నాను.

డెమోకి నన్ను ముందు పిలిచారు. రూత్ బయట బెంచీ మీద ఉంది. చాక్‌పీసు తీసుకున్నాక నా నోట్లోంచి సాయిలు తాత వచ్చాడు. అనుకోకుండా వచ్చాడని రాయాలని ఉంది. అబద్ధం. రాత్రంతా నెమరు వేసుకునే వెళ్ళాను.

తరువాత రూత్ లోపలికెళ్ళి అదే కథ మొదలుపెట్టగానే, ఇప్పుడే విన్నాం, కాపీ వద్దు, సొంతంగా చెప్పమన్నారట. ఆమె తడబడి మూడు సోడియంలను లోపలికి, రెండు పొటాషియంలను బయటికి పంపిందట. ఉద్యోగం నాకొచ్చింది.

ఆ సాయంత్రం గదిలో అడిగింది. అరవలేదు, ఏడవలేదు.

"అక్కా, సాయిలు తాత కథ నువ్వు చెప్పినవా?"

"చెప్పాను. మా డిగ్రీ కాలేజీలో మేడం ఎప్పుడూ ఇలాగే చెప్పేవారు. ఆవిడ కథలో ఎవరో వాచ్‌మన్‌లే. నువ్వూ ఎక్కడో వినుంటావనుకున్నా."

"గట్లనా. నేనే అల్లిన అనుకున్న అక్కా. ఎక్కడో విని మర్చిపోయిన కావచ్చు."

ఔనన్నట్టు తల ఊపాను. ఉద్యోగం లాక్కోవడం ఒక తప్పు. ఈ తల ఊపడం అంతకంటే పెద్దది. తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను.

పోయిన నెల మెట్రోలో కలిసింది. మీర్‌పేట్‌లో ఒక చిన్న జూనియర్ కాలేజీలో చెబుతోంది. పుస్తకంలో ఉన్నదే చెబుతుందట. సొంతంగా ఏదైనా తడితే భయమేస్తుందట, ఎవరిదో అయ్యుంటుందని. సాయిలు తాత కథ మాత్రం చెబుతానంది. మా అక్కవాళ్ళ మేడం కథ అని ముందే పిల్లలకు చెప్పి మరీ మొదలుపెడుతుందట. నవ్వుతూ చెప్పింది. ఆ క్షణంలో కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నిజాయితీ చూసి నాకు కుళ్ళే పుట్టింది. స్టేషన్ రాగానే దిగిపోయాను. నేను దిగాల్సింది అక్కడ కాదు.

ఆమెకు చెబుతానా? తెలియదు. ఇంతవరకు ధైర్యం చాలలేదు. మీకు మాత్రం చెప్పేశాను. గుంటూరులో మా మేడం పుస్తకం చూసి చదివేవారు, అంతే. ఏ వాచ్‌మన్ కథా చెప్పలేదు. ఆ కథ రూత్ అల్లింది.